ఎమ్మెల్యేకో ఎంపీకో సీఎంకో లెటర్ రాయాలా? బస్సు గొడవ ఒక కాగితం, పార్టీ గొడవ ఇంకో కాగితం

మన దగ్గర నాయకులకి లెటర్లు రాసేవాళ్లకి కొదవేం లేదు. కానీ ఆ లెటర్లు తీసి చూస్తే ఒకే కాగితం మీద మా ఊరికి బస్సు లేదు, మా నాన్న పాస్‌బుక్కులో విస్తీర్ణం తప్పు పడింది, మొన్న కండువా మార్చుకుని వచ్చినాయనకి పదవి ఎలా ఇచ్చారు, ఇన్నేళ్లు జెండా మోసిన మేం కనబడలేదా, ఆఖర్లో మా అబ్బాయికి అవుట్‌సోర్సింగ్‌లో ఏదన్నా చూడండి, ఇట్లా అన్నీ కలిపి కొట్టేస్తారు. అది చదివే పీఏ ఏం చేస్తాడు చెప్పండి. ఆర్టీసీ వాళ్లకి పంపుదామంటే అందులో పార్టీ గొడవ ఉంది, గవర్నమెంట్ ఆఫీసుకి ఆ కాగితం పంపలేడు. పార్టీ ఆఫీసుకి పంపుదామంటే బస్సు సంగతి వాళ్లేం చేస్తారు. చూద్దాంలే అని పక్కన పెడతాడు, అంతే సంగతులు. అందుకని కింద చెప్పేదంతా ఒక్క రూల్ చుట్టూనే తిరుగుతుంది. ఒక కాగితం, ఒక విషయం, ఆ పని చేయగలిగే ఒక మనిషి.

1. ముందు మీ గొడవ ఏ రకందో తేల్చుకోండి

మూడు రకాలు ఉంటాయి. ఒకటి మీ సొంత సమస్య, పెన్షన్ ఆగడం, రేషన్ కార్డులో పేరు లేకపోవడం లాంటివి. రెండోది పాలసీ, అంటే ఒక జీవో వల్లో చట్టం వల్లో స్కీమ్ నడిచే తీరు వల్లో మీలాంటివాళ్లు చాలామంది ఇబ్బంది పడటం. మూడోది పార్టీ లోపలి వ్యవహారం.

మొదటి రకానికి డైరెక్టుగా నాయకుడి దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. ఏపీలో సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్, అంటే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, ఇంతకుముందు స్పందన అనేవాళ్లు, 2024లో ప్రభుత్వం మారాక పేరు మారింది. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, హైదరాబాద్‌లో ప్రజాభవన్‌లో అయితే మంగళవారం, శుక్రవారం. రైల్వే, పోస్టాఫీసు, పీఎఫ్, బ్యాంకు లాంటి సెంట్రల్ వాటికి సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది, 21 రోజుల్లో తేల్చాలని 2024లో గైడ్‌లైన్స్ మార్చారు, ఫారిన్‌లో ఉన్నవాళ్లు కూడా అక్కడి నుంచే పెట్టుకోవచ్చు. ముందు అక్కడ అర్జీ పెట్టి నంబర్ తీసుకోండి. పని జరక్కపోతే ఆ నంబర్ పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే ఆయన ఫోన్ చేయడానికి కూడా ఒక ఆధారం ఉంటుంది. ఒకటి గుర్తుంచుకోండి, సీపీగ్రామ్స్ లో సలహాలు, కోర్టులో నడుస్తున్న కేసులు, ఆర్టీఐ విషయాలు తీసుకోరు. ఈ పథకం ఇలా మార్చండి అని అక్కడ రాస్తే క్లోజ్ చేసేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

ఇక్కణ్ణుంచి రెండో రకం, మూడో రకం గురించే.

2. ఆ పని ఎవరి చేతిలో ఉందో చూసుకోండి

ప్రతిదానికీ సీఎంకి రాయడం మనకి అలవాటు, కొందరైతే ఏకంగా పీఎంకి రాస్తారు. రాయొద్దని కాదు గానీ అక్కడికి వెళ్లిన కాగితం చివరికి తిరిగి మీ జిల్లాకే వస్తుంది, మధ్యలో వారాలు పోతాయి. భూమి రికార్డులు, పోలీసు, పంచాయతీ, ఆసుపత్రులు, సాగునీళ్లు ఇవి రాష్ట్రానివి, ఎమ్మెల్యేకి, ఆ శాఖ మంత్రికి రాయాలి. రైల్వే, నేషనల్ హైవే, పాస్‌పోర్టు, ఇన్‌కమ్ ట్యాక్స్ సెంట్రల్‌వి, ఎంపీకి రాయాలి. చదువు రెండు ప్రభుత్వాల చేతిలోనూ ఉంది కాబట్టి గవర్నమెంటు స్కూల్ మూసేస్తున్నారంటే రాష్ట్రానికి, నీట్ గురించైతే సెంటర్‌కి.

ఎంపీని ఏం అడగొచ్చో చాలామందికి తెలీదు. ఆయన పార్లమెంటులో క్వశ్చన్ వేయొచ్చు, దానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లోక్‌సభలో అయితే 377 రూల్ కింద మీ ఏరియా విషయం లేవనెత్తొచ్చు, మంత్రికి లెటర్ రాయొచ్చు, ఎంపీ ల్యాడ్స్ కింద ఏడాదికి ఉండే 5 కోట్లలోంచి పనులు రికమెండ్ చేయొచ్చు. కాబట్టి "మా సమస్య పరిష్కరించగలరు" అని గాల్లో వదలకుండా "ఈ రైలు హాల్ట్ గురించి రాబోయే సెషన్‌లో రైల్వే మంత్రికి అన్‌స్టార్డ్ క్వశ్చన్ వేయండి" అని అడిగితే ఆయన ఆఫీసులో కుర్రాడికి చేయాల్సిన పని ఏంటో అర్థం అవుతుంది. అన్‌స్టార్డ్ అంటే రాతపూర్వకంగా జవాబొచ్చే ప్రశ్న, మనకి అదే కావాలి, మంత్రి నోట మాట కంటే కాగితం మీద మాట మేలు.

3. హోంవర్క్ చేయండి, జీవో నంబర్ లేకుండా పాలసీ లెటర్ రాయకండి

"ప్రభుత్వం స్కూళ్లు నాశనం చేస్తోంది" అని రాస్తే అది ఒపీనియన్. "జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులు హైస్కూల్‌కి మార్చారు, మా ఊరి నుంచి ఆ స్కూల్ ఇంత దూరం, మధ్యలో వాగు ఉంది, మూడో తరగతి పిల్లలు వెళ్లలేరు" అని రాస్తే దానికి సమాధానం చెప్పక తప్పదు. ఏపీలో 2022లో వచ్చిన ఆ జీవో మీద తల్లిదండ్రులు, టీచర్లు ఇలాంటి లెక్కలతోనే మాట్లాడారు, 2025లో దాన్ని పక్కన పెట్టి వేరే జీవోలు ఇచ్చారు. లెటర్ల వల్లే జరిగిందని నేననను, కానీ మాట్లాడేవాళ్ల దగ్గర ఊరి పేరు, దూరం, పిల్లల సంఖ్య ఉంటే తోసిపుచ్చడం కష్టం.

కాపీ దొరక్కపోతే ఆర్టీఐ పెట్టండి. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు. అందులో "ఎందుకు చేశారు" అని అడక్కండి, "ఫలానా నిర్ణయానికి సంబంధించిన ఉత్తర్వులు, నోట్ ఫైల్ కాపీలు ఇవ్వండి" అని అడగండి. ఎందుకు అనే ప్రశ్నకి వాళ్లు సమాధానం ఇవ్వక్కర్లేదు, ఉన్న కాగితం మాత్రం ఇవ్వాలి.

ఇంకోటి టైమింగ్. చట్టం అయిపోయాక అరవడం కంటే డ్రాఫ్ట్ అప్పుడు రాసిన ఒక్క పేజీ ఎక్కువ పనిచేస్తుంది. తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్‌లో వచ్చింది, రికార్డులో తప్పు పడితే అప్పీలుకి వెళ్లే దారి లేక జనం కలెక్టరేట్లు, కోర్టుల చుట్టూ తిరిగారు. 2024 ఆగస్టులో కొత్త ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం డ్రాఫ్ట్ జనం ముందు పెట్టి సలహాలు అడిగారు, 2025 ఏప్రిల్‌లో భూభారతి అమల్లోకి వచ్చింది, అందులో అప్పీలు వ్యవస్థ పెట్టారు. అటు ఏపీలో భూమి హక్కు ఎవరిదో తేల్చే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ కథ వేరే, 2022లో పాసైంది, 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది, పెద్ద గోల మాత్రం ఆ తర్వాతే, లాయర్లు కోర్టులు బాయ్‌కాట్ చేశారు, ఎన్నికల్లో అదే టాపిక్ అయ్యింది, 2024లో కొత్త అసెంబ్లీ దాన్ని రద్దు చేసింది. ఏదైనా డ్రాఫ్ట్ బయటికి వచ్చి సలహాలకి డేట్ ఇచ్చారంటే ఆ డేట్ లోపు రాయండి, ఏ సెక్షన్‌లో ఏ మాట మార్చాలో రాయండి. సెంటర్ బిల్లులకైతే కనీసం 30 రోజులు డ్రాఫ్ట్ జనం ముందు పెట్టాలని 2014లోనే పాలసీ చేసుకున్నారు, ప్రతిసారీ పాటిస్తున్నారా అంటే లేదు, అది వేరే లెటర్‌కి సబ్జెక్టు.

4. ఇప్పుడు లెటర్

తెలుగులో రాయండి. ఇంగ్లీషులో రాస్తేనే విలువ అనుకునేవాళ్లకి చెప్తున్నా, రాజ్యాంగం 350వ ఆర్టికల్ ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు మీకుంది. అలాగని "తమరి దివ్య సముఖమునకు మిక్కిలి వినయ విధేయతలతో" అని నాలుగు లైన్లు తినేయక్కర్లేదు. మర్యాద ఉండాలి, భజన వద్దు. మీరు రాసేది ఎమ్మెల్యేకే అయినా చదివేది ఆయన పీఏ, అదీ క్యాంప్ ఆఫీసులో ఇరవైమంది మీద పడుతుండగా నిలబడి చదువుతాడు. మొదటి మూడు లైన్లలో విషయం తెలిసిపోవాలి.

ఒక నమూనా ఇస్తున్నా, ఫ్రీ బస్సు మీద. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న, ఏపీలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి, స్కీమ్ మంచిదా చెడ్డదా అనే వాదన టీ కొట్టు దగ్గర పెట్టుకోండి, లెటర్‌లో మాత్రం మీ ఊరి ట్రిప్పు గురించే రాయండి.

"గౌరవనీయులైన ఎమ్మెల్యే గారికి నమస్కారం.
విషయం: మా ఊరికి సాయంత్రం పల్లెవెలుగు ట్రిప్పు మళ్లీ వేయించడం గురించి.
మేము ఫలానా మండలం ఫలానా ఊరి వాళ్లం. టౌన్లో ఇంటర్, డిగ్రీ చదివే మా పిల్లలు సాయంత్రం 5:30 బస్సుకి ఇంటికి వచ్చేవారు. ఫలానా తేదీ నుంచి ఆ ట్రిప్పు ఆపేశారు. తర్వాతి బస్సు 7:45కి. ఆడపిల్లలు ఫ్రీ బస్సు ఉండి కూడా రోజూ ఆటోకి డబ్బులు పెట్టుకుని వస్తున్నారు, చీకటి పడితే ఆటోలు కూడా మా ఊరి రోడ్డు ఎక్కడం లేదు.
డిపో మేనేజర్ గారికి ఫలానా తేదీన అర్జీ ఇచ్చాం, కాపీ జత చేశాం. ఇంతవరకు జవాబు లేదు.
మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఆ ట్రిప్పు మళ్లీ నడపమని డిపో మేనేజర్ గారికి మీ లెటర్ ప్యాడ్ మీద రాసి, ఆ కాపీ మాకు ఇప్పించండి.
ఇట్లు, పిల్లల తల్లిదండ్రులు, పేర్లు, సంతకాలు, ఒక ఫోన్ నంబర్."

ఇంతే. అందులో ఏమేం లేవో గమనించండి. ఓటేసి గెలిపించాం అన్న మాట లేదు, లేకపోతే వచ్చేసారి చూస్కో అన్న బెదిరింపు లేదు, గత ప్రభుత్వం మీద తిట్లు లేవు. అడిగింది కూడా ఆయన చేయగలిగింది, ఆ రోజే చేయగలిగింది. లెటర్ ప్యాడ్ అంటే తిరుమల దర్శనానికి సిఫార్సు రాయించుకోవడానికే అనుకుంటాం గానీ దాని అసలు ఉపయోగం ఇదే, ఆ ప్యాడ్ మీద వచ్చిన కాగితాన్ని డిపోలో ఇన్‌వార్డ్ చేసి, అంటే వచ్చినట్టు రిజిస్టర్‌లో రాసుకుని తీరాల్సిందే.

జతపరిచేవి రెండు మూడు జిరాక్సులు చాలు. ఆధార్ కార్డు జిరాక్స్ మాత్రం అడక్కుండా పెట్టకండి, పార్టీ ఆఫీసుకి పంపేదాంట్లో అస్సలు వద్దు. సంతకాలు ఎక్కువ ఉంటే మంచిదే గానీ ఒకే చేతిరాతలో యాభై సంతకాలు ఉంటే పీఏకి చూడగానే తెలిసిపోతుంది, మొత్తం లెటరే డౌట్‌లో పడుతుంది. గవర్నమెంటు ఉద్యోగులైతే మీ సర్వీసు విషయం, ట్రాన్స్‌ఫర్ లాంటివి నాయకుడి చేత చెప్పించడానికి రాయకండి, కండక్ట్ రూల్స్ ఒప్పుకోవు, ఆ కాగితమే మీ మీదకి తిరుగుతుంది.

5. ఇచ్చేటప్పుడు

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి రెండోదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి, క్యాంప్ ఆఫీసులో స్టాంపు లేదంటే తీసుకున్నవాళ్ల చేత సంతకం, తేదీ పెట్టించుకోండి. "సార్ చూస్తారు వెళ్లండి" అంటే నవ్వుతూనే "ఒక్క సంతకం అన్నా, మా ఊళ్లో చూపించాలి" అనండి, పెడతారు. పెళ్లికో చావుకో వచ్చినప్పుడు కారు అద్దంలోంచి చేతిలో పెట్టే కాగితం ఎటు పోతుందో గన్‌మ్యాన్‌కి కూడా తెలీదు.

పోస్టులో పంపాలంటే ట్రాకింగ్ ఉండాలి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్టు అడిగి, డెలివరీ ప్రూఫ్ కూడా కావాలని చెప్పండి. ఈమెయిల్ అయితే సబ్జెక్ట్ లైన్‌లో ఊరు, మండలం, విషయం. ఎక్స్‌లో ట్యాగ్ చేయడం మంచిదే, కొందరు మంత్రులు దానికే ఫాస్ట్‌గా స్పందిస్తారు, కానీ కాగితం ఇచ్చి దాని స్టాంపు ఫోటోతో ట్యాగ్ చేస్తే ఆ బరువు వేరు.

ఎలక్షన్ కోడ్ ఉన్నప్పుడు ఇవ్వడం దండగ. ప్రజావాణిలు ఆపేస్తారు, కొత్త పనులు మంజూరు చేయరు, ఆఫీసర్లంతా ఎలక్షన్ డ్యూటీలో ఉంటారు.

6. పార్టీ గొడవ మీద రాయాలంటే

ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి, ఎక్కువమంది ఇక్కడే చేయి కాల్చుకుంటారు.

మొదట మీరు ఎవరిగా రాస్తున్నారో తేల్చుకోండి. పార్టీ సభ్యత్వం ఉన్న కార్యకర్తగా రాయడం వేరు, ఓటరుగా రాయడం వేరు. కార్యకర్త అయితే లెటర్ పైన సభ్యత్వం నంబర్, మండలం, బూత్ రాయండి. పార్టీ ఆఫీసులో ముందు చూసేది అదే, మనోడా కాదా అని. లెటర్ ప్రభుత్వ ఆఫీసుకి కాదు, పార్టీ ఆఫీసుకి పంపాలి. టీడీపీకి, జనసేనకి మంగళగిరి, వైసీపీకి తాడేపల్లి, కాంగ్రెస్‌కి గాంధీభవన్, బీఆర్ఎస్‌కి తెలంగాణ భవన్, ఎవరి ఆఫీసు వాళ్లకుంది. సెక్రటేరియట్‌కి పంపితే సీఎం, పార్టీ అధ్యక్షుడు ఒకే మనిషైనా సరే ఆ కాగితం రాంగ్ టేబుల్ మీద పడుతుంది.

వరస పాటించండి. మండల అధ్యక్షుడు, నియోజకవర్గ ఇన్‌చార్జి, జిల్లా అధ్యక్షుడు, ఆ తర్వాతే రాష్ట్ర ఆఫీసు. గొడవే ఇన్‌చార్జితో అయితే ఆయన్ని దాటి జిల్లాకి వెళ్లొచ్చు, కానీ "ఫలానా తేదీన ఇన్‌చార్జి గారి దృష్టికి తెచ్చాం" అనే ఒక లైన్ ఉండాలి. అది లేకపోతే పైవాళ్లు మీ లెటర్‌ని అదే ఇన్‌చార్జికి పంపి "ఏంటిది" అని అడుగుతారు. సాయంత్రానికల్లా మీకు ఫోన్ వస్తుంది, ఎలాంటి ఫోనో చెప్పక్కర్లేదు.

రాసేటప్పుడు కోవర్టు, వెన్నుపోటు, అమ్ముడుపోయాడు లాంటి మాటలు వాడకండి. మీటింగ్‌లో మైకు ముందు ఎవరేమన్నా సాయంత్రానికి మర్చిపోతారు, కాగితం మీద పేరు పెట్టి ఆధారం లేకుండా డబ్బులు తిన్నాడని రాస్తే పరువునష్టం కేసు అవ్వొచ్చు, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ దానికే ఉంది. జరిగింది రాయండి చాలు. "మండల కమిటీ మీటింగ్ పెట్టి ఏడాది దాటింది. ఎంపీటీసీ అభ్యర్థుల పేర్లు మా ఎవర్నీ అడక్కుండా వెళ్లాయి. గత ఎన్నికల్లో మా బూత్‌లో ప్రత్యర్థి ఏజెంటుగా కూర్చున్న వ్యక్తికి ఇప్పుడు గ్రామ కమిటీ ఇచ్చారు, ఏజెంటు ఫారం కాపీ జత చేశాం." ఇలా రాస్తే చదివేవాడికి చెక్ చేసుకోవడానికి వీలుంటుంది. ఏం కావాలో కూడా చెప్పండి, మీటింగ్ పెట్టించండి, పరిశీలకుణ్ణి పంపండి అని. "మాకు న్యాయం చేయండి" అంటే వాళ్లకి చేసే పనేం ఉండదు.

పార్టీ లెటర్‌ని ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. లోపల మాట్లాడుకుందాం అనుకున్నవాళ్లు కూడా బయటపడితే మొండికేస్తారు, షోకాజ్ నోటీసు ముందు మీకే వస్తుంది. ఒకవేళ వస్తే కోపంతో రాజీనామా వీడియో పెట్టకుండా ఇచ్చిన గడువు లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి, ఇంతకుముందు రాసిన లెటర్ల కాపీలు జతచేసి.

ఇక పార్టీ ఫిరాయింపుల సంగతి. మన ఓటుతో గెలిచి ఇంకో పార్టీ కండువా కప్పుకున్నాడు, అనర్హత వేటు వేయండి అని సీఎంకి, గవర్నర్‌కి, ఎలక్షన్ కమిషన్‌కి రాసేవాళ్లు చాలామంది. వాళ్లెవరూ తేల్చేది కాదది. రాజ్యాంగంలో ఫిరాయింపుల గురించి ఉన్న పదో షెడ్యూల్ ప్రకారం ఎమ్మెల్యే విషయం తేల్చాల్సింది స్పీకర్. దానికి మామూలు లెటర్ చాలదు, రూల్స్ ప్రకారం వెరిఫై చేసిన పిటిషన్ ఉండాలి. 2003 సవరణ తర్వాత మూడింట ఒక వంతు చీలితే చెల్లదు, మూడింట రెండు వంతులతో విలీనమైతేనే రక్షణ. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిసింది ఆ దారిలోనే. ఏపీలో 2014-19 మధ్య 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్తే ఆ సభ ముగిసే దాకా వేటు పడలేదు. 2024లో బీఆర్ఎస్ నుంచి వెళ్లిన పదిమంది విషయంలో సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌ని మూడు నెలల్లో తేల్చమని చెప్పాల్సి వచ్చింది. ఏ పార్టీ తక్కువ తినలేదు కాబట్టి మీ లెటర్‌లో పార్టీని తిట్టడం కంటే, జంప్ చేసిన ఎమ్మెల్యేకే డైరెక్టుగా "మీరు ఏ పార్టీ సభ్యుడిగా అసెంబ్లీలో కూర్చుంటున్నారు, ఫలానా హామీల మీద ఇప్పుడు మీ స్టాండ్ ఏంటి" అని రాసి జవాబు అడగండి. ఆయన ఇబ్బంది పడేది ఆ ప్రశ్నకే.

పార్టీయే రెండు ముక్కలై గుర్తు ఎవరిది అనే గొడవైతే అది ఎలక్షన్ కమిషన్ 1968 సింబల్స్ ఆర్డర్ కింద తేలుస్తుంది, శివసేనకి 2023లో, ఎన్సీపీకి 2024లో అలాగే తేల్చింది. మీ మండలంలో రెండు వర్గాలు పోటీగా ఫ్లెక్సీలు కట్టుకోవడం దాని కిందకి రాదు.

7. తర్వాత ఫాలోఅప్

ఇచ్చిన రెండు మూడు వారాలకి ఒక్క ఫోన్, ఇన్‌వార్డ్ తేదీ చెప్పి ఎక్కడిదాకా వచ్చిందని అడగండి. నెల దాటితే రిమైండర్ లెటర్, పాతదాని కాపీ పెట్టి, నాలుగు లైన్లలో. అప్పటికీ లేకపోతే ఆర్టీఐ పెట్టండి. అది ఎమ్మెల్యేకి కాదు, ఆయన ఎవరికి ఫార్వర్డ్ చేశారో ఆ ఆఫీసుకి, "ఫలానా ఎమ్మెల్యే గారి లేఖ మీద తీసుకున్న చర్య కాపీ ఇవ్వండి" అని. ఈ ఒక్క ఆర్టీఐతో కదిలిన ఫైళ్లు చాలా ఉంటాయి.

"డిస్పోజ్డ్" అని మెసేజ్ వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. సంబంధిత అధికారికి పంపాం అని రాసి క్లోజ్ చేయడం మామూలే. సీపీగ్రామ్స్ లో అయితే ఫీడ్‌బ్యాక్ ఇచ్చి అప్పీలు వేసుకోండి, కలెక్టరేట్‌లో అయితే పాత నంబర్ రాసి మళ్లీ అర్జీ పెట్టండి. పని అయితే మాత్రం, బస్సు మళ్లీ వచ్చిందనుకోండి, ఆ పీఏకి, డిపో మేనేజర్‌కి ఒక మెసేజ్ పెట్టండి. రేపు ఇంకో కాగితం తీసుకెళ్లినప్పుడు "మొన్న బస్సు లెటర్ మీదే కదా" అని గుర్తుపట్టి కూర్చోబెడతారు.